రైలు పోయినా కట్ట మిగిలింది: వర్జీనియా సైకిల్ బాట కథ



మన సంఘం మీటింగులో ఏ ఇద్దరు కలిసినా ఆరోగ్యం తర్వాత వచ్చే మాట "అమెరికా ఎప్పుడు వెళ్ళి వచ్చారు?" అనేదే. కోడలి కాన్పుకో, మనవల పెంపకానికో వెళ్ళి ఆరు మాసాలు ఉండి వచ్చినవారు మనలో చాలామంది ఉన్నారు. అందరూ చెప్పే కష్టం ఒక్కటే. అక్కడ అన్నీ ఉంటాయి గాని కారు లేనిదే గుమ్మం దాటలేము. ముప్ఫయి అయిదేళ్ళు సైకిల్ మీద కలెక్టరాఫీసుకు వెళ్ళి వచ్చిన మనిషి, అక్కడ కొడుకు డ్యూటీ నుండి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవలసిందే. మా ఇంటావిడ దీనికి "ఏ.సి. జైలు" అని పేరు పెట్టింది.

ఇందుకు ఒక మినహాయింపు నాకు దొరికింది. వాషింగ్టన్ నగరానికి పడమరగా, ఉత్తర వర్జీనియాలో, మన తెలుగువారు విశేషంగా కాపురముంటున్న హెర్న్‌డన్, రెస్టన్, యాష్‌బర్న్ ఊళ్ళ మీదుగా ఒక తారు బాట పోతుంది. దాని పేరు డబ్ల్యు అండ్ ఓ.డి. ట్రెయిల్, అంటే వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ బాట. దాని మీద కార్లు నడవవు. సైకిళ్ళు, నడిచేవాళ్ళు, పిల్లల తోపుడు బళ్ళు మాత్రమే. పొడవు సుమారు 45 మైళ్ళు, అంటే మన 72 కిలోమీటర్లు. ఒకప్పుడు అది రైలు మార్గం. పట్టాలు తీసివేసి ఆ కట్ట మీదనే తారు వేశారు. మా రెండో అబ్బాయి ఇంటికి దగ్గరలో ఉండబట్టి రెండు పర్యాయాలు అక్కడ ఉన్నన్నాళ్ళూ నేనూ, మా మనవడూ దాని మీద తిరిగాము.

సైకిల్ తొక్కడం గురించి చరిత్ర వ్యాసమేమిటని కొందరు అనుకోవచ్చు. రెవెన్యూలో పనిచేసినవాడిని గనుక నా దృష్టి మొదట నేల మీదికి పోయింది. ఆ పార్కు వెడల్పు 100 అడుగులని చెబుతారు. 45 మైళ్ళ పొడవున 100 అడుగుల వెడల్పు అంటే లెక్కకు 545 ఎకరాలు. ఎకరం భూమికి కళ్ళు తిరిగే ధర పలికే ఆ ప్రాంతంలో, రైలు ఆగిపోయి అర్ధశతాబ్దం దాటినా ఆ 545 ఎకరాలు ముక్కలు కాకుండా, ఒకడు కంచె వేయకుండా, ఒకడు షెడ్డు కట్టకుండా ఒకే నాడాలాగా ఎలా నిలిచింది? దారి వెంబడి పెట్టిన చరిత్ర బోర్డులు చదివి, గ్రంథాలయాలలో దొరికిన పుస్తకాలు చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఈ రైలు కంపెనీకి అనుమతి వచ్చింది 1847లో. అలెగ్జాండ్రియా అనే రేవు పట్టణంలోని వర్తకులు పడమటి కొండల అవతల ఉన్న హాంప్‌షైర్ బొగ్గును తమ రేవుకు తెచ్చుకోవాలనుకున్నారు. అప్పటికే ఉత్తరాన ఉన్న బాల్టిమోర్ రేవు వారు రైలు వేసుకుని వ్యాపారమంతా తమవైపు లాగుతున్నారు. కనుక కంపెనీ పేరులోనే అలెగ్జాండ్రియా, లౌడన్, హాంప్‌షైర్ మూడూ చేర్చుకున్నారు. 1855లో పని మొదలై 1860లో లీస్‌బర్గ్ వరకు పట్టాలు పడ్డాయి. మరుసటి ఏడే అంతర్యుద్ధం వచ్చి పడింది.

ఆ యుద్ధంలో ఈ లైను మీద జరిగిన ఒక సంఘటన చెప్పక తప్పదు. 1861 జూన్ 17న ఒహాయో పటాలం సైనికులను ఎక్కించుకుని ఒక రైలు వియెన్నా ఊరి వైపు బయలుదేరింది. ఇది ఆస్ట్రియా దేశపు వియెన్నా కాదు, వర్జీనియాలోని చిన్న ఊరు. ఇంజను వెనుక ఉండి బోగీలను ముందుకు నెడుతోంది. మలుపు తిరగగానే దక్షిణాది సైన్యం ఫిరంగులు పేల్చింది. ఎనిమిది మంది ఉత్తరాది సైనికులు చనిపోయారు. డ్రైవరు ఏం చేశాడనుకున్నారు? వెనుక ఉన్న ఇంజనును బోగీల నుండి విప్పుకుని, సైనికులను అక్కడే వదిలిపెట్టి, అలెగ్జాండ్రియాకు పరుగు తీశాడు. పాపం, మిగిలిన సైనికులు గాయపడినవారిని దుప్పట్లలో మోసుకుంటూ కాలినడకన వెనక్కు వెళ్ళారు. ఇప్పుడు అదే చోట పిల్లలు ఐస్‌క్రీం తింటూ సైకిళ్ళు తొక్కుతుంటారు.

యుద్ధంలో వంతెనలు కాల్చారు, పట్టాలు పీకారు. తర్వాత మళ్ళీ వేసుకున్నారు. కంపెనీ చేతులు మారింది, పేర్లు మారాయి. ఎన్ని పేర్లు మారినా రైలు మాత్రం బొగ్గు గనుల దాకా పోలేదు, బ్లూ రిడ్జ్ కొండలు దాటనేలేదు. 1900లో కొండ మొదట్లో ఉన్న స్నికర్స్‌విల్ అనే ఊరి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ పేరు బాగుండలేదని రైల్వేవారు ఊరికి బ్లూమాంట్ అని కొత్త పేరు పెట్టించి, వేసవిలో వాషింగ్టన్ జనాన్ని చల్లగాలికి తీసుకువెళ్ళడం మొదలుపెట్టారు. ఊరి పేరు మార్చడానికి మనకు ఎన్ని ఫైళ్ళు కదలాలో మీకు తెలియనిది కాదు.

1912 ప్రాంతంలో మక్లీన్, ఎల్కిన్స్ అనే ఇద్దరు ధనికులు దీనిని కౌలుకు తీసుకుని కరెంటు రైళ్ళు నడిపారు. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ అనే పేరు అప్పటిదే. పల్లెల నుండి పాలు, ధాన్యం నగరానికి, నగరం నుండి ఉత్తరాలు, సరుకులు పల్లెలకు. మోటారు బళ్ళు, మంచి రోడ్లు రాగానే ఈ రైలుకు గడ్డు రోజులు వచ్చాయి. 1939లో పర్సల్‌విల్ నుండి బ్లూమాంట్ దాకా ఉన్న చివరి ముక్క మూసేశారు. 1941లో ప్రయాణికుల బండి ఆపేశారు. యుద్ధంలో పెట్రోలుకు రేషను వచ్చేసరికి 1943లో మళ్ళీ నడిపారు. 1951లో పూర్తిగా ఆపేశారు. డల్లెస్ విమానాశ్రయం కట్టేటప్పుడు ఇసుక, సామాను మోయడంతో కొంతకాలం ఊపిరి పోసుకుంది. విమానాశ్రయం పని అయిపోయాక మోయడానికి ఏమీ మిగల్లేదు. 1968 ఆగస్టులో ఆఖరి గూడ్సు బండి వెళ్ళింది.

మన పిల్లలలో ఎందరో దిగే ఆ డల్లెస్ విమానాశ్రయానికి సామాను మోసిన రైలు ఇదే. ఆ వైపు ఊళ్ళకు ప్రయాణికుల రైలు మళ్ళీ రావడానికి, అంటే మెట్రో సిల్వర్ లైను హెర్న్‌డన్, యాష్‌బర్న్‌ల దాకా చేరడానికి, 2022 నవంబరు పట్టింది. అది కూడా ఈ పాత కట్ట మీద కాదు, దక్షిణంగా హైవే నడుమ వేరే దారిలో.

అసలు కథ 1968 నుండి మొదలవుతుంది. రైలు ఆగిన తర్వాత ఆ నేల ఎవరికి? ఆర్లింగ్టన్ వైపు కొంత భాగం 66వ నంబరు హైవే కోసం రాష్ట్ర రోడ్ల శాఖకు పోయింది. మిగిలినదానిలో అధికభాగాన్ని వర్జీనియా ఎలక్ట్రిక్ అండ్ పవర్ కంపెనీ కొన్నది. పెద్ద కరెంటు టవర్లు వేసుకోవడానికి వారికి సూటిగా, ఎక్కడా తెగకుండా పోయే నేల కావాలి. టవరుకు టవరుకు మధ్య తీగ వేలాడుతుంది గాని నేల మీద వారికి పని లేదు. ఇదే అదృష్టమని నా అభిప్రాయం. ఆ నేల ఇళ్ళ స్థలాల వ్యాపారి చేతిలో పడి ఉంటే పదేళ్ళలో ప్లాట్లు అయిపోయేది. ప్రక్క ఆసాములకు ముక్కలుగా అమ్మి ఉంటే అంతకంటే ముందే పోయేది. కరెంటు తీగకు ముక్క భూమి పనికిరాదు గనుక అది ఒక్క ఖాతాలోనే నిలిచింది.

ఉత్తర వర్జీనియా ప్రాంతీయ పార్కుల సంస్థ అని ఒకటి ఉంది. కొన్ని కౌంటీలు, పట్టణాలు కలిసి 1959లో ఏర్పాటు చేసుకున్న సంస్థ. వారు కరెంటు కంపెనీతో మాట్లాడుకుని 1974లో ఫాల్స్ చర్చ్ అనే చిన్న పట్టణంలో ఒకటి రెండు మైళ్ళు పరీక్షగా బాట వేశారు. జనం విరగబడ్డారు. దానిని చూపించి మిగతాది అడిగారు. ఒకేసారి కొనడానికి డబ్బు లేదు. కనుక విడతలవారీగా కొనేటట్లు ఒప్పందం చేసుకుని, 1978 మొదలుకొని 1982 దాకా కొన్నారు. నేల పార్కు సంస్థది, పైన తీగలు వేసుకునే హక్కు మాత్రం కరెంటు కంపెనీది. ఈ రకం రాతకోతలు మనకు తెలిసినవే. బాట పర్సల్‌విల్ చేరేసరికి 1988 అయింది. రైలు ఆగిన నాటి నుండి లెక్కపెడితే 20 సంవత్సరాలు. ఈ మధ్యలో ఎన్ని బోర్డులు మారి ఉంటాయో, ఎందరు గుమాస్తాలు రిటైరై ఉంటారో ఊహించుకోవచ్చు. ఫైలు మాత్రం మూతపడలేదు.

1939లోనే తెగిపోయిన బ్లూమాంట్ ముక్క సంగతి గమనించండి. బాట ఈనాటికీ పర్సల్‌విల్ స్టేషను దగ్గరే ఆగిపోతుంది. రైలు కట్టను మూయగానే పట్టుకోకపోతే ఏమవుతుందో ఆ చివరి మైళ్ళు చెబుతాయి.

ఇది ఒక్క వర్జీనియా సంగతి కాదు. 1916 నాటికి అమెరికాలో 2 లక్షల 54 వేల మైళ్ళ రైలు మార్గం ఉండేది. మన భారతదేశంలో ఇవాళ ఉన్న మొత్తం సుమారు 69 వేల కిలోమీటర్లు. ఆ తర్వాత వారు వేలకు వేల మైళ్ళు మూసుకుంటూ వచ్చారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్‌రాయ్ నుండి స్పార్టా దాకా 32 మైళ్ళ మూసిన లైనును 1967లోనే సైకిల్ బాటగా తెరిచారు. దానిలో మూడు సొరంగాలు ఉన్నాయి. చికాగో దగ్గర 1963లో మే వాట్స్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞురాలు మూతపడిన రైలు దారిని నడక దారి చేయండని పత్రికకు ఉత్తరం రాస్తే, ఆ ఒక్క ఉత్తరం మీద ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ అనే బాట పుట్టింది.

అయితే చిక్కంతా హక్కుల దగ్గర వచ్చింది. చాలా చోట్ల రైలు కంపెనీలకు నేల మీద సొంత హక్కు లేదు, రైలు నడుపుకునే హక్కు మాత్రమే ఉంది. రైలు ఆగితే నేల పక్క రైతుకు తిరిగి పోతుంది. దానితో ఎక్కడికక్కడ ముక్కలు. 1983లో వారి పార్లమెంటు ఒక చట్టం చేసింది. రైలు ఆగినా, ఆ కట్టను భవిష్యత్తులో మళ్ళీ రైలు కోసం దాచి ఉంచి, అంతవరకు బాటగా వాడుకుంటే, దానిని "వదిలివేసినట్లు" పరిగణించరాదు అని. దీనిని వారు "రైల్ బ్యాంకింగ్" అంటారు. అంటే బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసినట్లే. అవసరమైనప్పుడు రైల్వే తిరిగి తీసుకోవచ్చు. వెర్మాంట్ రాష్ట్రపు భూయజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1990లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చట్టం చెల్లుతుందన్నారు, కాని నష్టపరిహారం అడిగే దారి యజమానులకు ఉందని కూడా చెప్పారు. 2014లో వయోమింగ్ రాష్ట్రపు మరో కేసులో, వేరే పాత చట్టం కింద ఇచ్చిన నేల విషయంలో, 8-1 తేడాతో భూయజమానే గెలిచాడు. రైతు పక్షాన న్యాయం లేదని నేను అనను. తాత రైలుకని ఇచ్చిన నేల మనవడి పెరట్లో సైకిళ్ళ దారి అయితే వాడు ఊరుకోడు. పరిహారం ఇచ్చి నేల నిలబెట్టుకోవడమే సరైనదని నాకు తోస్తుంది.

"మళ్ళీ రైలు ఎప్పుడు వస్తుంది లెండి" అని నవ్వేవారికి మన జిల్లా సంగతే చాలు. కాకినాడ నుండి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వేశారు. ఇది కూడా 45, కాకపోతే కిలోమీటర్లు. రెండో ప్రపంచయుద్ధం రాగానే 1940లో తెల్లదొరలు ఆ పట్టాలు పీకి యుద్ధానికి పట్టుకుపోయారు. మా తరం పుట్టేనాటికి అక్కడ రైలు అన్నది పెద్దల నోట విన్న మాటే. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి గారు పట్టుబట్టి ఆ లైను పునరుద్ధరణకు పని మొదలుపెట్టించారు. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో ఆయన పోయారు, ఆ రైలును చూడలేదు. 2004లో, అంటే 64 సంవత్సరాల తర్వాత, కోటిపల్లికి మళ్ళీ రైలు కూత వినిపించింది. పాత మార్గమంటూ ఒకటి ఉండబట్టే అది సాధ్యమైంది.

ఇక అక్కడికి వెళ్ళే మన సభ్యులకు పనికివచ్చే సంగతులు.

రైలు ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుచేత రైలు కట్టను ఎత్తయిన చోట తవ్వి, పల్లంలో మట్టి పోసి, నూరు అడుగులకు ఒకటి రెండు అడుగులకు మించి లేవకుండా కట్టేవారు. 1850లలో ఆవిరి ఇంజను కోసం చేసిన ఆ మట్టి పని నేడు డెబ్బయి ఏళ్ళవాడికీ, ఏడేళ్ళ పిల్లవాడికీ ఒకే బాట మీద సైకిల్ తొక్కే వీలు కల్పించింది. అయితే ఈ వాలు కంటికి కనిపించదు. వెళ్ళేటప్పుడు హాయిగా పోతాము, తిరిగి వచ్చేటప్పుడు మోకాళ్ళు చెబుతాయి. కనుక ముందు ఎత్తు వైపు వెళ్ళి, అలసిన తర్వాత పల్లం వైపు తిరిగి రావాలి. వియెన్నా నుండి పడమరకు వెళితే డిఫికల్ట్ రన్ అనే వాగు దాకా పల్లమే, మళ్ళీ ఎక్కాలి. "డిఫికల్ట్" అంటే కష్టమని మన కుర్రాళ్ళకు చెప్పనక్కర్లేదు. లీస్‌బర్గ్ నుండి క్లార్క్స్ గ్యాప్ దాకా నాలుగు మైళ్ళు ఎత్తే, వచ్చేటప్పుడు తొక్కే పనే ఉండదు. అది అలవాటైన తర్వాత వెళ్ళవలసిన భాగం.

మొదటి రోజు హెర్న్‌డన్ పాత స్టేషను నుండి రెస్టన్ దాకా రెండు మైళ్ళు వెళ్ళి రండి. రాకపోకలు నాలుగు మైళ్ళు. పిల్లవాడి ఓపికను బట్టి తర్వాత పెంచుకోవచ్చు. దూరం లెక్కపెట్టేటప్పుడు ఎప్పుడూ తిరుగు ప్రయాణం కలిపి లెక్కపెట్టాలి. హెర్న్‌డన్ స్టేషను 1857 నాటిది, ఇప్పుడు చిన్న మ్యూజియం. పక్కనే ఎర్రటి గార్డు పెట్టె నిలిపి ఉంది. వియెన్నాలోనూ అలాంటిదే ఒకటి ఉంది. అక్కడి పాత స్టేషనులో బొమ్మ రైళ్ళ క్లబ్బువారు కొన్ని రోజులలో తలుపులు తెరిచి రైళ్ళు నడిపి చూపిస్తారు. ఆ రోజు చూసుకుని వెళితే పిల్లవాడు సైకిల్ తొక్కనని పేచీ పెట్టడు.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. మనకు చిన్నప్పటి నుండి ఎడమ పక్కకు అలవాటు. అక్కడ కుడి పక్కన పోవాలి. వెనుక నుండి గంట వినబడగానే మన చెయ్యి తనంతట తాను ఎడమకు తిప్పుతుంది. వెనుకవాడు వచ్చేది సరిగ్గా అటు నుండే. "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిస్తే అర్థం "నీ ఎడమ పక్క నుండి నేను దాటుతున్నాను, నువ్వు కుడికే ఉండు" అని. "ఎడమకు జరుగు" అని కాదు. ఇది ఇంట్లో అందరికీ, ముఖ్యంగా మన ఆడవారికి, ముందే చెప్పి ఉంచాలి.

బాట చాలా చోట్ల రోడ్లను దాటుతుంది. పెద్ద రోడ్ల మీద వంతెనలు ఉన్నాయి, మిగిలిన చోట్ల ఆగి చూడాలి. పిల్లలను సైకిల్ దింపి నడిపించండి. ఒక కారు ఆగి చెయ్యి ఊపగానే బయలుదేరకండి, పక్క వరుసలో వచ్చే కారు ఆగకపోవచ్చు. శిరస్త్రాణం పిల్లలకు తప్పనిసరి. ఆ ప్రాంతంలో పలుచోట్ల 14 ఏళ్ళ లోపువారికి స్థానిక నిబంధన కూడా ఉంది. మనకు నిబంధన లేకపోయినా పెట్టుకోవడం మంచిది, విజిటర్ల ఇన్సూరెన్సు సంగతి మీకు తెలుసు.

కరెంటు తీగల కింద చెట్లను ఎత్తు పెరగనివ్వరు గనుక చాలా చోట్ల నీడ తక్కువ. జూలై, ఆగస్టులలో పొద్దున్నే వెళ్ళాలి. ఏప్రిల్, మే, అక్టోబరు మంచి నెలలు. డిసెంబరులో సాయంత్రం అయిదు కాకుండానే చీకటి పడుతుంది. నీళ్ళు, చక్కెర వ్యాధి ఉన్నవారు బిస్కట్లు, జేబులో కొడుకు ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు రాసిన చీటీ ఉంచుకోవాలి. మరుగుదొడ్లు ఊళ్ళ దగ్గరే ఉంటాయి, దారి మధ్యలో ఆశించవద్దు.

బాట పక్కన ప్రతి అర మైలుకూ ఒక గుర్తు స్తంభం ఉంటుంది. సున్నా షర్లింగ్టన్ దగ్గర. వియెన్నా సుమారు 12, హెర్న్‌డన్ 20, లీస్‌బర్గ్ 34, పర్సల్‌విల్ 45. ఎక్కడైనా కాలు బెణికినా, దారి తెలియకపోయినా, ఫోన్లో ఇంగ్లీషు తడబడినా, దగ్గరి స్తంభం మీది అంకె చెబితే చాలు, వాళ్ళే వస్తారు. మా మనవడు ఆ అంకెలు చదివే పని తనదిగా పెట్టుకుని, ఒక్కటి దాటిపోయినా వెనక్కు తిప్పేవాడు.